సుజాత ఇచ్చిన ఒప్పుదల

బుధవారం, రాత్రి

పసిపిల్లల జలుబు వైరస్ మీద మా వార్డులో జరుగుతున్న పరిశోధనలో బిడ్డను చేర్చి, ముక్కులోంచి దూదిపుల్లతో నమూనా తీయనివ్వమని ఈ రోజు ఉరవకొండ నుంచి వచ్చిన సుజాతను అడిగాను. ఆమె పసికూతురు ఆక్సిజన్ మీద ఉంది.

"ముక్కులో ఆ పుల్ల పెడితే నా బిడ్డకు నయమైతాదా, సిస్టర్?"

అవునంటే వెంటనే ఒప్పుకునేది. నేను అనలేదు.

"లేదమ్మా. వైద్యం ఎట్లయినా చేస్తాం. ఇది ఇంకముందు పుట్టే బిడ్డల కోసం. నీకిష్టం లేకుంటే వద్దు."

ఎగిరిపడుతున్న ఆ చిన్న డొక్కలనే చాలాసేపు చూసింది.

"అట్లయితే తీసుకోండి. ఈ ఆయాసం ఇంగో తల్లి చూడగూడదు."

సాయంత్రం పక్క మంచం ఆమెకు సుజాతే చెబుతోంది: "ఇష్టమైతేనే ఒప్పుకో అక్కా. బలవంతమేం లేదు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. కానీ పాప ఇంకా పాలు తాగడం లేదు...