చదువుకు గడియ ఎందుకు?

స్కాట్లండు దొరగారికి,

మీరు పోయి నూరేళ్ళు దాటిందని మా ఆయనే చెప్పారు. అయినా ఈ మాట మీకే చెప్పాలి.

ఆవిరి యంత్రాల గురించి అంత తెలిసిన శాస్త్రజ్ఞులై ఉండి, రహస్య సంఘాలు లోకాన్ని తలకిందులు చేస్తున్నాయని ఆ పుస్తకం ఎందుకు రాశారండీ? మా ఆయన దాన్ని అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగట్లో కొన్నారు. అప్పటినుంచి నలుగురు చేరితే చాలు, ఆయనకు కుట్రే కనిపిస్తోంది.

నాలుగో తరగతిలో ఆగిన చదువును మంగళవారాలు పక్కింటి కమలక్క దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను. అయిదుగురం ఆడవాళ్ళం, తలుపుకు గడియ పెట్టుకుని చదువుతాం. నిన్న ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"చదువుకు గడియ ఎందుకే? దాచేది ఏముండాది?"

కమలక్క గోడ అవతలినుంచి, "అచ్చులతో రాజ్యం కూలదోస్తా ఉండామప్పా, నువ్వూ రా!" అంది. ఆయన నవ్వలేదు. నన్ను పంపలేదు.

గడియ వేయమన్నది నేనే. తడబడుతూ చదవడం వీధిలోవాళ్ళు వింటారని సిగ్గు. అది ఆయనతో చెప్పడానికీ సిగ్గే. మూసిన తలుపు వెనక ఇలాంటి మనిషి కూడా ఉంటుందని మీకు ఒక్కసారైనా తోచలేదా?

వచ్చే మంగళవారం అందరినీ మా ఇంటికే రమ్మన్నాను. వీధి తలుపు బార్లా తీసి, ఈ ఉత్తరమే పైకి చదువుతాను. తడబడితే తడబడతాను. ఆయన కూర్చుని వినాలి.