ట్యాంకు మీద కొత్త తేదీ

మంగళవారం, రాత్రి.

మా వీధి నీళ్ల ట్యాంకు స్తంభం మీద "శుభ్రం చేసిన తేదీ" అన్నచోట ఈరోజు తేదీ పడింది. పొద్దుటి నుంచి నేను వరండాలోనే మినప్పప్పు బాగుచేస్తూ కూర్చున్నాను. రంగు డబ్బాతో పంచాయతీ పనివాడు అప్పన్న వచ్చాడు తప్ప, ట్యాంకు ఎక్కినవాడు ఒక్కడూ లేడు. మెట్ల గేటు తాళానికి పట్టిన సాలెగూడు అలాగే ఉంది. కుళాయి నీళ్లలో బ్లీచింగ్ వాసన కూడా లేదు.

"ఒరే అప్పన్నా, కడక్కుండానే తేదీ రాసేస్తన్నావేటి?" అన్నాను.

"నాకేటి తెలుసమ్మా? రాసీమన్నారు, రాసీసినాను. మీ ఎదురుగానే కడిగినట్టు రిజిస్టర్లో మీరే సంతకం ఎట్టీసినారు కదా!" అన్నాడు.

పెట్టాను. నిన్న ఎవరో రిజిస్టర్ తెస్తే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చదవకుండానే గీసేశాను. ఇన్ని నెలలుగా ఆ తేదీలన్నీ ఇలాగే పడ్డాయా? అసలు ఆ ట్యాంకులో ఏముందో...

సాయంత్రం పక్కింటి లక్ష్మి, పాపని రాజాంలో డాక్టరుకి చూపించి వచ్చింది. కామెర్లు ఇంకా తగ్గలేదట.

"పిన్నీ, ట్యాంకు నిజంగా కడిగినారేటి?" అని అడిగింది.

"తేదీ ఏసినారు కదే," అన్నాను.