జకారీ తోళ్ల మీద ఎడమచేతి గీతలు

క్షయ ఆసుపత్రి, మూడో వార్డు
18 జనవరి 1954

ప్రియమైన ఫిలొమీన్ వదినకి,

నీ తమ్ముడి పెళ్లాం యులాలీ వెల్లకిలా పడుకుని రాస్తున్న ఉత్తరం ఇది. అక్షరాలు పైకి ఎగబాకుతుంటాయి, నువ్వే మెడ వంచి చదువుకో.

ఇక్కడ పడుకోవడమే వైద్యం. పదహారు నెలలుగా పడుకునే ఉన్నాను. ఉడకబెట్టిన క్యారెట్లు పెడతారు, తిన్నాక మళ్లీ పడుకోమంటారు. పని లేదు కాబట్టి నీ క్రిస్మస్ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు సంతోషంగానే చదివాను. నాలుగోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "తోళ్లు కొనే కొట్లో గుమస్తా మన జకారీ బీవర్ తోళ్లు కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు, ఒక్క చిల్లు లేదు, అద్దంలా ఉన్నాయి" అని రాశావు. అంత మాట రాసి, పక్క వాక్యంలోనే కుక్కపిల్లల సంగతిలోకి వెళ్లిపోయావు.

వదినా, ఆయన్ని నువ్వు పెంచావు, నేను భరించాను. ఆయన చేతులు ఎలాంటివో మనిద్దరికీ తెలుసు. ఇరవై రెండేళ్లుగా నదిలో ఉచ్చు వేసి బీవర్‌ని పట్టి తేవడం ఆయన వంతు. వలిచి, కొవ్వు గీకి, విల్లో చెట్టు కొమ్మని వంచిన చట్రానికి గుండ్రంగా కుట్టి ఆరబెట్టడం నా వంతు. నాకు జ్వరం వచ్చిన ఒక్క శీతాకాలం ఆయన కత్తి పట్టాడు. ఆ తోళ్లలోంచి చూస్తే నది అవతలి గట్టు కనిపించేది.

మొన్న అక్టోబరులో కూడా నాలుగు తోళ్లు పాడుచేశానని రాస్తే, ఏది ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ కొయ్యకూడదో, అప్పుడు తన బుర్ర ఎక్కడ ఉండాలో పన్నెండు పేజీల నిండా తిట్టి పంపాను. "అందింది. ఇక్కడ మంచు పడింది" అని జవాబు. అక్షరం అక్షరం కూడబలుక్కుని బిగ్గరగా చదివే మనిషి, పన్నెండు పేజీలు ఎక్కడ చదువుతాడు? పొయ్యి రాజేసుకుని ఉంటాడు.

మరి ఈ అద్దాలు ఎక్కడివి? మన ఊళ్లో ఒంటరి మగాడి తోళ్లకి చిల్లులుంటాయి. చిల్లు లేదంటే ఆ ఇంట్లో ఆడమనిషి ఉన్నట్టే. ఈ సంగతి కొట్లో గుమస్తాకి తెలియదు, మనకి తెలుసు. ఒకసారి వెళ్లి చూసిరా. నేను అడిగానని చెప్పకు.

నీ మరదలు,
యులాలీ

తా.క. నా నీలం టీ కెటిల్ పెట్టిన మేకుకే ఉందో, ఎవరైనా వాడుతున్నారో చూడు. మూత తీసి వాసన కూడా చూడు.

—

పెలికన్ రేవు
2 ఫిబ్రవరి

చిరంజీవి యులాలీకి ఆశీస్సులు.

టపా విమానం దిగీ దిగకముందే నీ ఉత్తరం లాక్కున్నాను. పైలట్ నా వంక అదోలా చూశాడు. చూస్తే చూశాడులే.

నేను ఎవరినీ అనుమానించే మనిషిని కాదని నీకు తెలుసు. మామూలుగా తమ్ముణ్ణి పలకరించడానికే వెళ్లాను. ఇంటి వెనక పాకలో వాడు తోళ్ల పని చేసుకుంటాడు కదా, ఆ పాక తలుపుకి లోపల గొళ్లెం. కిటికీకి పిండిసంచి గుడ్డ కట్టి ఉంది. బీవర్లకి సిగ్గేమిటని నేను బయటే నిలబడి ఆలోచించాను. తలుపు కొట్టాక వాడు చాలాసేపటికి వచ్చాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, ముఖం ఎర్రగా ఉంది. నన్ను పాకలోకి రానివ్వకుండా ఇంట్లోకి తీసుకెళ్లి టీ ఇచ్చాడు.

బల్ల మీద రెండు కప్పులున్నాయి యులాలీ. రెండూ తడిగానే ఉన్నాయి.

ఇంకోటి. మన ఆచారం ప్రకారం బీవర్ ఎముకలు కుక్కల నోట పడకుండా మూటకట్టి నీళ్లలో వదలాలని నువ్వు ఇరవై ఏళ్లు మొత్తుకున్నా వినని వాడు, ఇప్పుడు నది మీది మంచుకి కన్నం చేసి మరీ వదులుతున్నాడట. ఎవరు చెబితే వింటున్నాడు?

నాకు క్లోతిల్డ్ మీద అనుమానం. మొగుడు పోయి మూడేళ్లయింది, పొద్దున్నే జడ నున్నగా దువ్వుకుని వాడి ఇంటి ముందునుంచే నీళ్లకి పోతుంది. నీళ్లకి ఇంకో దారి లేదనుకో, అది వేరే సంగతి.

నీ వదిన,
ఫిలొమీన్

తా.క. కెటిల్ మేకుకే ఉంది. వాసన కూడా చూశాను. నేను కెటిల్‌లో ముక్కు పెట్టి ఉండగా వాడు చూశాడు. పంటి నొప్పికి ఆవిరి పడుతున్నానని చెప్పాను. చల్లటి కెటిల్ అని వాడికి తట్టలేదు.

—

మూడో వార్డు
16 ఫిబ్రవరి

ప్రియమైన వదినకి,

రెండు కప్పుల దగ్గర నాకు దగ్గు వచ్చింది. నర్సు వచ్చి ఉత్తరం లాక్కోబోతే దిండు కింద దాచాను.

క్లోతిల్డ్ అంటే నేను నమ్మను. ఆమె గురించి మంచిగా అనుకుని కాదు. దానికి చేతకాదు. తోలుని పొయ్యి పక్కన ఆరబెట్టి అప్పడంలా చేసే మనిషి. చెవుల దగ్గర ఎలా తిప్పాలో, పొట్ట దగ్గర తోలు ఎంత పలచనో దానికేం తెలుసు? పైగా అక్కడ పొట్ట దగ్గరే కత్తి ఆగాలి, మూస్ దుప్పి కాలి ఎముకకి పళ్లు కోసి చేసిన గీకుడు ఎత్తాలి. ఆ గీకుడు మా అమ్మది. అది ఇంకో ఆడదాని చేతిలో ఉందని తలచుకుంటే కడుపు మండిపోతోంది.

నువ్వొక పని చెయ్యి. కొట్టుకి వెళ్లి, ఆయన ఇచ్చిన తోళ్లు తిరగేసి లోపలివైపు చూడు. గీకిన గీతలు సన్నగా కనిపిస్తాయి. ఎటు వాలి ఉన్నాయో రాయి. నాది ఎడమచేతి వాటం కాబట్టి నా గీతలు ఎడమకి వాలతాయి. క్లోతిల్డ్ కుడిచేతిది. గీతలు కుడికి వాలితే నాతో చెప్పు, మిగతాది నేను చర్చి ఫాదర్‌కి రాస్తాను.

నీ మరదలు,
యులాలీ

తా.క. ఆయన చేతులు చూశావా? రోజూ కొవ్వు గీకే చేతులు మెత్తబడతాయి. మెత్తగా ఉంటే ఆ గీకే చేతులు ఈయన పట్టుకుంటున్నాడనే అర్థం.

—

పెలికన్ రేవు
9 మార్చి

చిరంజీవి యులాలీకి ఆశీస్సులు.

కూర్చుని చదువు. నువ్వు పడుకునే ఉంటావు కాబట్టి పడుకునే చదువు.

గీతలు ఎడమకి వాలి ఉన్నాయి. గుమస్తా వద్దంటున్నా పదకొండు తోళ్లు తిరగేశాను. పదకొండూ ఎడమకే. మన జకారీ కుడిచేతి వాటం వాడని నాకు తెలుసు, వాడికి చెంచా పట్టడం నేర్పింది నేనే. కాబట్టి ఊళ్లో నీలాంటి ఎడమచేతి ఆడమనిషి ఒకతె ఉంది, మనకి తెలియకుండా ఉంది.

వెంటనే మా ఇంట్లో ఆడవాళ్లందరినీ టీకి పిలిచాను. బానక్ రొట్టె కాల్చాను, బీవర్ తోక కాల్చి పెట్టాను. అందరూ వచ్చాక తలా ఒక బంగాళాదుంప, ఒక కత్తి ఇచ్చి తొక్క తియ్యమన్నాను. టీకి పిలిచి పని చెబుతున్నానని గొణిగారు. గొణగనీ. పద్నాలుగు మందిలో ఒకే ఒక్కరు ఎడమ చేత్తో తీశారు. వెరోనిక్ ముసలమ్మ. డెబ్బై ఎనిమిదేళ్లు, ఒక కన్ను కనబడదు, వాడికి జ్ఞానస్నానం చేయించిన పెద్దమ్మ. అనుమానించడానికి చాలా ప్రయత్నించాను, నావల్ల కాలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. నిన్న మధ్యాహ్నం పాక గోడ పక్కన నిలబడ్డాను. లోపల ఆడగొంతు. సన్నగా, కోపంగా ఉంది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను: "కత్తి పడుకోబెట్టు మనిషీ. తోలు గీకుతున్నావా, చెట్టు నరుకుతున్నావా?" దానికి మీ ఆయన గీకే చప్పుడు నెమ్మదించింది. కాసేపాగి మళ్లీ అదే గొంతు, "చెవి దగ్గర తొందరపడకు, నిన్నెవరూ తరమడం లేదు" అంది. అప్పుడు వాడు బుద్ధిగా "సరే" అన్నాడు.

నీ వదిన,
ఫిలొమీన్

తా.క. క్లోతిల్డ్ కుడిచేత్తోనే తొక్క తీసింది. కానీ రెండు వారాలుగా దానితో మాట్లాడటం మానేశాను, ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

తా.క. 2. చేతులు చూశాను. కుడి చేతి వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకున్నాడు, కానీ అరచేతులు మెత్తగానే ఉన్నాయి.

—

మూడో వార్డు
23 మార్చి

వదినకి,

మనిషీ అందా? ఆయన్ని "మనిషీ" అని పిలిచే హక్కు ఈ భూమ్మీద ఒక్కదానికే ఉంది. ఇరవై రెండేళ్లు తిట్టి తిట్టి నేను దారికి తెచ్చుకున్న మనిషిని ఎవరో వచ్చి నా మాటలతోనే తిడుతుంటే, సరే అంటున్నాడా? నాకెప్పుడూ సరే అనలేదు. టోపీ తీసుకుని బయటికి పోయేవాడు.

ఎవరికీ చెప్పని మాట నీకు చెబుతున్నాను. నవంబరులో నాకు ఆపరేషన్ చేశారు. జబ్బు పడ్డ ఊపిరితిత్తిని అణచడానికి ఎడమవైపు ఏడు పక్కటెముకలు తీసేశారు. బతుకుతావన్నారు, జూన్‌లో ఇంటికి పంపుతామన్నారు. కానీ నా ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. గట్టిగా నెట్టలేదు. తోలు పరిచి గీకే దుంగ ముందు ఇక నిలబడలేవని డాక్టరు కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు.

ఆయనకి రాయలేదు. బీవర్ తోలు గీకలేని పెళ్లాం దేనికి వదినా? ఇంటికొచ్చి నన్ను నేను ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచిస్తూ ఈ శీతాకాలమంతా వార్డు పైకప్పు వంక చూస్తూ పడుకున్నాను. నాకు భయంగా ఉంది. ఆయనకి ఎవరో చెప్పేశారేమో, ఈలోపే ఇంకో ఎడమచెయ్యి వెతుక్కున్నాడేమో.

నది మంచు కరగడం మొదలైతే మూడు వారాలు విమానం దిగదు. నేను ఆగలేను. తలుపు కొట్టకు, లోపలికి వెళ్లిపో. ఎవరున్నా సరే, పేరు రాయి.

యులాలీ

తా.క. అమ్మ గీకుడు మాత్రం తెచ్చి నీ దగ్గర పెట్టుకో. మనిషిని వదులుకుంటానేమో కానీ దాన్ని వదలను.

తా.క. 2. మనిషిని కూడా అంత తేలిగ్గా వదలను.

—

పెలికన్ రేవు
13 ఏప్రిల్

నా బంగారు యులాలీకి,

మంచు మీద దిగే ఆఖరి విమానం ఇదే. పైలట్ ఇంజన్ ఆపకుండా అరుస్తున్నాడు. అరవనీ. ఇది రాయకుండా నేను ఎవరినీ కదలనివ్వను.

నువ్వు చెప్పినట్టే తలుపు కొట్టలేదు. భుజంతో తోశాను. గొళ్లెం పాతది, నేను ఇంకా పాతబడలేదు.

లోపల ఒక్కడే ఉన్నాడు. నీ పూల ఏప్రాన్ కట్టుకుని, గీకుడు దుంగ మీద పెద్ద బీవర్ తోలు పరుచుకుని నిలబడ్డాడు. పాకంతా వెతికాను, చట్రాల వెనక కూడా చూశాను. ఎవరూ లేరు. ఆ ఆడది ఏదిరా అని అడిగితే, తలదించుకుని గోడ చూపించాడు.

గోడకి వరసగా పన్నెండు కాగితాలు మేకులు కొట్టి ఉన్నాయి. అక్టోబరులో నువ్వు తిట్టిన పన్నెండు పేజీలు. కొవ్వు మరకలతో నూనె కాగితాల్లా అయిపోయాయి. ఒక్కో పని దగ్గర ఒక్కో పేజీ చదువుకుంటాడట. మామూలు గొంతుతో చదివితే బుర్రకి ఎక్కడం లేదని నీ గొంతుతో చదువుతాడట. నా ముందు చదవమన్నాను. సిగ్గుపడ్డాడు కానీ చదివాడు. యులాలీ, నువ్వే వచ్చి నిలబడ్డట్టుంది. చివర తనే "సరే" అంటాడు. ఎముకలు నీళ్లలో వదలాలన్నది తొమ్మిదో పేజీలో ఉంది. రెండు కప్పుల్లో ఒకదానితో టీ తాగుతాడు, రెండోదాంట్లో కుట్టే దారం నానబెడతాడు.

మరి గీతలు ఎడమకెందుకు వాలాయంటే, "కత్తి ఎడమ చేత్తో గట్టిగా పట్టుకో" అని మూడో పేజీలో రాశావు. నువ్వు ఎలా చేస్తావో అలా రాశావు. వాడు ఆ పని అలాగే చెయ్యాలేమో అనుకున్నాడు. శీతాకాలమంతా కుడిచేతి వాటం మనిషి ఎడమ చేత్తో గీకాడు. కుడి చేతి వేళ్లన్నిటికీ గుడ్డపీలికలున్నాయి. చెడిపోయిన మొదటి తోళ్లన్నీ చిల్లులు కుట్టి, కలిపి, నీకు దుప్పటి చేశాడు. నువ్వు వచ్చేదాకా చూపించవద్దన్నాడు, అందుకే నీకు రాస్తున్నాను.

ఇంత దొంగతనంగా ఎందుకురా అంటే, మగాళ్లు నవ్వుతారన్నాడు. అసలెందుకురా అంటే, కత్తి తుడిచి పక్కన పెట్టాడు. నీ పక్కటెముకల సంగతి వాడికి అక్టోబరులోనే తెలుసట, నీకు ఆపరేషన్ కాకముందే. డాక్టరు ఉత్తరం రాస్తే ఫాదర్ చదివి వినిపించారట. అప్పుడు వాడు అన్న మాట ఇది.

"ఇంటికొచ్చి దుంగ ముందు నిలబడుతుంది, చెయ్యి లేవదు, ఏడుస్తుంది. అలా ఏడవడం నేను చూడలేనక్కా. పని నేను చేస్తాను. అది కుర్చీలో కూర్చుని తిడితే చాలు. నోటికేమీ కాదని డాక్టరు రాశాడు."

దుంగ పక్కన నీ కోసం కుర్చీ కూడా చేసి పెట్టాడు. ఎడమ చెయ్యి ఆనించుకోవడానికి దిండు కట్టాడు. నేను కూర్చుని చూశాను, బాగుంది. ఆ తర్వాత ఇంటికి వచ్చి బాగా ఏడ్చాను.

త్వరగా రా.

నీ వదిన,
ఫిలొమీన్

తా.క. క్లోతిల్డ్‌కి ఒక బీవర్ తోక పంపి, మనమీద కోపం పెట్టుకోవద్దన్నాను. తనకి కోపమే లేదంది. నేను మాట్లాడటం మానేసిన సంగతే గమనించలేదట. అది నాకు కొంచెం బాధగా ఉంది.

తా.క. 2. ఈ పని కుడి చేత్తో కూడా చెయ్యవచ్చని వాడికి నేను చెప్పలేదు. నువ్వొచ్చి, ఆ కుర్చీలో కూర్చుని, నువ్వే తిట్టి చెప్పు.