నీ పాటకి వాడి పేరు

ఒరే అప్పలరాజు బావా,

నువ్వు యాక్సిడెంట్‌లో పోయి ఇయాల్టికి ఏడాది. మన మెటల్ బ్యాండ్‌లో నీ తర్వాత ఇద్దరు బేస్ గిటారు వాయించారు. పెందుర్తి కిరణ్‌గాడికి వేళ్లు నీకంటే స్పీడే గానీ, డ్రమ్స్ మీదున్న నన్ను సూసేవోడే కాదు. వాడు మానేసాక శైలజ వచ్చింది. నిన్నెప్పుడూ సూడలేదు. నీ పాత రికార్డింగులు ఇనే నేర్చుకుంది. నీలాగే కిక్ డ్రమ్ తొక్కే నా కాలు సూసి వాయిత్తాది.

ఇయాల వన్ టౌన్‌లో షో. నువ్వు కట్టిన పాటని మన గిటారు సంతోష్‌గాడు మైకులో "ఇది నాను కట్టిన పాట" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయి స్టిక్స్ ఇసిరికొట్టాను. ఈలోగా శైలజ బేస్ కిందెట్టేసింది.

"ఏటి, వాయించవా?" అన్నాడు వాడు.

"ఎవరు కట్టారో నిజం సెప్పండి, అప్పుడు వాయిత్తాను."

తల దించుకుని నీ పేరు సెప్పాడు ఎదవ. హాలంతా నీ పేరే అరిసింది. వాడి మీద కోపం కాస్త తగ్గింది. నీ మీదే తగ్గట్లేదు. హెల్మెట్ ఎట్టుకోరా అంటే జుత్తు పాడైపోద్దన్నావు కదరా!