మంచులో ఒక్కపొద్దు

మైమూనక్కా,

ఇంట్లో చెప్పినట్టు నేను బెంగళూరులో లేను. మా హిందూపురం కాలేజీ వాళ్లతో హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు వచ్చి, కనుమ దాటకముందే మంచులో చిక్కుకున్నాను. ముందూ వెనకా దారి మూసుకుపోయింది. నలుగురం ఒకే టెంటులో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. ఒకరు కదలాలంటే అందరూ కదలాలి. దారి తెరుచుకుంటే ఈ ఉత్తరం నేనే పోస్టు చేస్తాను. నాయనకు మాత్రం చెప్పొద్దు.

తిండి అడుగంటింది. మాతో వచ్చిన పవిత్రకు జ్వరం. అందుకే మొన్న, "నేను మొక్కు రోజా ఉండా సార్, నా వంతు పవిత్రకియ్యండి" అన్నాను. రంజాన్‌లోనే పట్టపగలు నీ వంటింట్లో దాక్కుని తినేవాణ్నని నీకొక్కదానికే కదా తెలుసు!

మమ్మల్ని తీసుకొచ్చిన గంగన్న సార్ నన్ను అదోలా చూశారు. "నాకూ ఈ పొద్దు ఏకాదశప్పా. నాది గూడా ఆ పాపకే పెట్టు" అన్నారు.

నిన్న కూడా ఆయనకు ఏకాదశే. ఈ రోజూ ఏకాదశే.

బయట మంచు పడుతూనే ఉంది. ఇందాక మాలో నాలుగోవాడు మధు కూడా గిన్నె పక్కకు జరిపి, "నాకు శనివారం ఒక్కపొద్దు" అన్నాడు.

ఈ రోజు ఏ వారమో మా టెంటులో ఎవరికీ తెలియదక్కా.

నీ తమ్ముడు