కొండ మీద మిగిలిన మెట్లు

శనివారం, రాత్రి

నా ఫ్రెండ్ స్వాతి వాళ్లు జపాన్ నుంచి వచ్చారని ఈరోజు ఫ్రిస్కోలో వాళ్లింటికి లంచ్‌కి వెళ్లాం. టీవీలో ఫోటోలు పెట్టింది. క్యోటోలో కొండ మీది గుడికి వెళ్లే మెట్లదారి, వరసగా ఎర్రటి ద్వారాలు, వాటి కింద స్వాతి. వెనకాల ఒక్క మనిషి లేడు.

"అంత ఖాళీగా ఎలా దొరికిందే?" అని ఎవరో అడిగారు.

"పొద్దున్నే ఐదున్నరకల్లా అక్కడుండాలి. ఎనిమిది దాటితే టూర్ బస్సులు వచ్చేస్తాయి."

ఆ ముక్క నాది. రెండేళ్లు కూర్చుని నేను రాసుకున్న జపాన్ ప్లాన్‌లోది. వీసా స్టాంపింగ్ తేలక, వెళితే మళ్లీ అమెరికాలోకి రానిస్తారో లేదోనని మేం టికెట్లు క్యాన్సిల్ చేసుకున్నాక, ఆ ఫైల్ తనకి పంపింది నేనే. "నువ్వైనా చూసి రా" అని కూడా రాశాను. అప్పుడు మనస్ఫూర్తిగానే రాశాననుకుంటా.

"ప్లాన్ ఎవరు చేశారు?" అని ఇంకొకరంటే, "ఏముంది, ఆన్‌లైన్‌లో చూసి మేమే చేసుకున్నాం" అంది, నా వైపు చూడకుండా.

వచ్చేటప్పుడు ఆ గుడి తాయెత్తు ఒకటి నా చేతిలో పెట్టింది. ప్రయాణాలకి మంచిదట. మా కార్ ఆఫీస్‌కీ ఇండియన్ స్టోర్‌కీ తప్ప ఎక్కడికి పోతుంది?

చెప్పులు వేసుకుంటూ అడిగాను. "కొండ పైదాకా ఎక్కారా?"

"లేదే, కాళ్లు పీకేశాయి. సగంలోనే దిగిపోయాం."

"అయ్యో" అన్నాను.

దారంతా కార్‌లో కూనిరాగం తీశానట. "ఏంటంత హుషారు?" అన్నాడు మా ఆయన.

ఏం చెప్పను... పై సగం మెట్లు ఇంకా నాకే ఉన్నాయని?