అక్క కట్టుకున్న చీర

16 ఫిబ్రవరి 2025, ఆదివారం

నా చేతిరాత కోడి కెలికినట్టుంటది. అక్షరాలు తప్పులు పోతయి. మా ఊరి బడిల ఏడో తరగతి దాకనే చదివిన. ఎవరన్నా చదివితే తప్పు పట్టొద్దు. ఎవరు చదువుతరు గాని, నాకు రాసుడంటే వచ్చింది ఉత్తరాలే. బొంబాయిల ఉన్న మా రత్నక్కకు ఎనకట రాస్తుంటి. అక్కకు చదువు రాదు. ఆ గల్లీల ఎవరో చదివి ఇనిపిస్తుండ్రి. ఫోన్లు వచ్చినంక రాసుడు బందయింది. ఫోన్ల నాకు మాట రాదు. బాగున్నవా అంటే బాగున్న అంట, అంతే. కాయితం మీదయితే కొంచెం వస్తది.

ఇయ్యాల పొద్దుగాల అక్క కొడుకు నర్సింగ్ ఫోన్ చేసిండు. మామా, అమ్మకు సీరియస్ ఉన్నది, దవాఖానల ఇంక ఇంటికి తీస్కపోండ్రి అన్నరు, అన్నడు. నేను అయ్యో అన్న. వాడే అన్నడు, నువ్వు జల్ది రా మామా, ఇక్కడ మా చాళి ఇండ్లల్ల పెద్దోళ్ళు అడుగుతున్నరు, పుట్టింటి చీర కావాలె గదా అని.

పుట్టింటి చీర అంటే మాలో ఆడమనిషి పోతే మీద కప్పేది. అన్నదమ్ములే తేవాలె. కోరా చీర ఉండాలె, ఎవరూ కట్టనిది. అది కప్పందే పీనుగను లేపరు. అక్కకు పుట్టిల్లు అంటే ఇప్పుడు నేనొక్కన్నే.

17 ఫిబ్రవరి

పోను అన్న. పల్లి పీకుడున్నది అన్న. పల్లి నేను పీకిపిస్త, నీకు భయం, బస్సు భయమా హిందీ భయమా చెప్పు అన్నది నా పెండ్లాం అంజమ్మ. రెండూ అన్న. నలబై ఏండ్ల నుంచి నీతోని ఏగుతున్న, నీ భయాలకు ఇంకో ఇల్లు కట్టాలె అన్నది.

అసలు సంగతి చెప్పలే. అక్క ఇంక బతికే ఉన్నది. బతికున్న మనిషి ఇంటికి ఆ చీర పట్టుకొని ఎట్ల పోవాలె? నేను తీస్కపోతేనే అక్క పోతది. నేను ఇక్కడనే ఉంటే, చీర రాలే అని ఆగుతదేమో. పిచ్చి మాటనే. అంజమ్మకు చెప్తే నవ్వుతది.

18 ఫిబ్రవరి

నారాయణపేట పోయిన. బావ ఎప్పుడో పోయిండు గదా, అక్కకు తెల్లదే కప్పాలె, తెల్లది తే అని అంజమ్మ చెప్పి పంపింది. దుకాణాయన, ఎవరికి పెద్దాయనా అన్నడు. మా అక్కకు అన్న. ఏం శుభకార్యం అన్నడు. పానంతోని ఉన్న మనిషికి సావు చీర ఇయ్యి అని ఎట్ల అడుగుత? బొంబాయిల ఉంటది అన్న. ఆయన ఖుషీ అయిండు. అట్లయితే మన పేట పేరు నిలబెట్టేది ఇస్త అని ఆకుపచ్చ చీర తీసి నా భుజం మీదనే పరిచిండు. సన్న గళ్ళు, ఎర్ర అంచు. వద్దు అనాలె. తెల్లది అనాలె. ఆయన మడత పెడుతుంటే చూసుకుంట నిలబడ్డ. కవర్ల ఏసి చేతికిచ్చిండు. తెచ్చుకున్న.

అంజమ్మ తల కొట్టుకున్నది. మొగడు లేని మనిషి మీద పచ్చ చీర కప్పుతరా, ఒక్క మాట అడగనీకి నీ నోట్ల ఏమున్నది, బెల్లమా అన్నది. మార్చనీకి టైం లేదు. సాయంత్రం బొంబాయి బస్సు ఎక్కిచ్చింది. చీర సంచిల అడుగుకు పెట్టి చెప్పింది, పానం ఉండంగ అది వాళ్ళ గడప దాటొద్దు, బయటనే తగిలియ్యి అని.

19 ఫిబ్రవరి

బస్సు నిండ మన జిల్లా కూలోళ్ళే. పెద్దాయనా, పనికా అని ఒకడు అడిగిండు. పక్కోడు, ఈయనకేం పని ఇస్తర్రా, సిమెంటు బస్తాల మీద కావలి పండబెడ్తరు అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.

షోలాపూర్ దాటినంక టైరు పంచరయింది. అందరు డ్రైవర్‌ను తిట్టిండ్రు. నాకయితే మంచిగనిపిచ్చింది. ఇంకో టైరు గూడ పోతే బాగుండు అనుకున్న.

20 ఫిబ్రవరి

కామాటిపుర. పదకొండో గల్లీ. నర్సింగ్ టాక్సీల తీస్కచ్చిండు. మెట్లు చీకటి, తాడు పట్టుకొని ఎక్కాలె. పైన ఇండ్ల ముంగట గ్యాలరీ పొడుగూ డ్రమ్ములు, బకెట్లు, ఆరేసిన బట్టలు. ఒక్కటే ఖోలీ, ఒంటి అర్ర, అండ్లనే పొయ్యి, అండ్లనే తానం చేసే మోరీ, అండ్లనే అక్క మంచం. సంచి గ్యాలరీల గోడకున్న మొలకు తగిలేసిన. తెచ్చినవా మామా అని నర్సింగ్ చెవిల అడిగిండు. తలకాయ ఊపిన.

అక్క కండ్లు తెరిచింది. ఎంత చిన్నగయిందో. బాలిగా, వచ్చినవా అన్నది. నన్ను బాలిగా అనేటోళ్ళు ఇంక ఎవరున్నరు. పల్లి పీకుడయిందా అన్నది. కాలే అన్న. మరి ఎందుకొచ్చినవ్ అన్నది.



21 ఫిబ్రవరి

అక్క లేచి కూసున్నది. చాయ్ తాగింది.

22 ఫిబ్రవరి

జావ తాగింది, ఇంకొంచెం పొయ్యి అన్నది. కోడలు సారిక, మీరొచ్చినంక అత్తకు బలం వచ్చింది మామయ్యా అన్నది. అని బయట మొల దిక్కు చూసింది. నేను గూడ చూసిన.

మనుమరాలు రుతుజ కాలేజీ చదువుతది. నాతోని హిందీల ఏదో అంటది, నేను తలకాయ ఊపుత. అక్క చూసి నవ్వింది. అది తెలుగు ఇంటది మాట్లాడది, నువ్వూ అంతే, మీ ఇద్దరికి మంచిగ కుదిరింది అన్నది.

పగటి పూట జర నడిచొస్త అని దిగి తప్పిపోయిన. అన్ని గల్లీలు ఒక్క తీరుగనే ఉన్నయి. ఫాక్‌లాండ్ రోడ్డు మీద నిలబడ్డ. అడగాలంటే భాష లేదు. ఒక ఇంటి ముంగట రంగు ఏసుకున్న ఆడోళ్ళు నిలబడి ఉండ్రి. నేను తల దించుకున్న. అండ్ల ఒకామె తెలుగుల అడిగింది, ఎవరింటికి పెద్దయ్యా, పంచె చూస్తే మనోని తీరున్నవ్ అని. రత్నాబాయి అన్న. అయ్యో రత్నక్క తమ్మునివా, అక్క ఎట్లున్నది అనుకుంటనే మెట్ల కాడ దాకా తోలిచ్చి పోయింది. పైకి రమ్మన్నా రాలే.

23 ఫిబ్రవరి, ఆదివారం

ఏం జెయ్యాల్నో తెల్వక రాస్తున్న.

రుతుజకు ఇయ్యాల సెలవు. తాతా, ఆజీకి ఏం తెచ్చినవ్ అని తెలుగులనే అడిగింది, నాయనమ్మను ఆజీ అంటది. వచ్చిన కాడికెల్లి దానితోని తెలుగు ఇదే మొదలు. నేను ఏమీ లే అనాల్సింది. ఆ పిల్ల అట్ల తెలుగుల అడుగుతదనుకోలే, నోరు తెరుచుకొని చూసిన. అది గ్యాలరీలకు పోయి సంచి తీసి లోపలికే తెచ్చింది. గడప దాటిచ్చింది. వద్దు బిడ్డా అన్న. మెల్లగ అన్ననేమో. నా మాట ఎప్పుడూ నాకే ఇనపడదు.

కవర్ ఇప్పి అక్క ఒళ్ళె పెట్టింది.

సారిక చేతులల్లున్న పిండి అట్లనే ఉన్నది. నర్సింగ్ గోడ దిక్కు తిరిగిండు. అక్క చీర మీద చెయ్యి పెట్టింది. అంచు పట్టుకొని ఎలుగుకు చూసింది. నారాయణపేటది గదా అన్నది. అవునన్న. పచ్చది తెచ్చినవ్ అన్నది. అవునన్న. బావ పోయినంక నాకు పచ్చ చీర ఎవరు తెచ్చిండ్రురా అని నా మొకం చూసింది. చాన సేపు చూసింది. అందరు అనుకుంటరు నేను సిగ్గుకు తల దించుకుంట అని. కాదు. తల ఎత్తితే నా మొకంల అంతా రాసి ఉంటది.

శివరాత్రికి కట్టుకుంట అన్నది.

24 ఫిబ్రవరి

సారిక గ్యాలరీల నన్ను పట్టుకున్నది. కట్టుకుంటే అది ఇంక పనికి రాదు మామయ్యా, కట్టిన చీర కప్పరు, మీరే చెప్పుండ్రి అన్నది. నేనేం చెప్పాలె? అక్కా, అది నువ్వు పోయినంకకు తెచ్చిన, ఇప్పుడు కట్టకు అనాల్నా? నర్సింగ్, నువ్వు పెద్దోనివి మామా అన్నడు. నువ్వు కొడుకువు గదరా అన్న. ముగ్గురం డ్రమ్ముల కాడ నిలబడ్డం. లోపలికెల్లి అక్క, ఏం ముచ్చట పెట్టిండ్రు, నన్ను గూడ పిలువుండ్రి అన్నది.

26 ఫిబ్రవరి, శివరాత్రి

కట్టుకున్నది.

రుతుజ కుచ్చిళ్ళు పెట్టింది. గ్యాలరీల కుర్చీ ఏసి కూసోబెట్టిండ్రు. చాళిల ఆడోళ్ళందరు వచ్చి చూసిండ్రు. మొగడు లేనామెకు పచ్చ చీరేందని ఒకామె మరాఠీల గొణిగితే అక్క అదే మరాఠీల ఏదో అన్నది, అందరు పక్కున నవ్విండ్రు. ఏమన్నవ్ అని అడిగిన. నీకెందుకు, చిన్నోనివి అన్నది. నాకు డెబ్బై దాటినయి.

రుతుజ ఫోటో తీసి స్టేటస్ పెట్టింది. గంటల అంజమ్మ ఫోన్. ముసలోడా, అది కట్టుకున్నదేంది, నువ్వేం జేస్తున్నవ్ అక్కడ అన్నది. చూస్తున్న అన్న.

అక్క మంచిగున్నది ఆ చీరల. ఈ మాట ఎవరికీ చెప్పలే.

28 ఫిబ్రవరి

ఇయ్యాల ఇంట్ల మేమిద్దరమే ఉన్నం. అక్కకు మళ్ళ దమ్ము, ఆయాసం ఎక్కువయింది. దిండు ఎత్తుగ పెట్టిన. బాలిగా, ఒకటి అడుగుత నిజం చెప్పు అన్నది. తల దించుకున్న. చెప్పకులే, నీ నెత్తి చూస్తేనే తెలుస్తది, కవర్ ఇప్పిన్నాడే తెలిసింది అన్నది.

నాకు ఏడుపొచ్చింది.

ఏడువకు, నేను తెలిసే కట్టుకున్న అన్నది. కట్టుకున్న చీర కప్పరు గదా. ఇంకోటి కావాలంటే నువ్వు ఊరికి పోవాలె, కొనాలె, మళ్ళ రావాలె. అందాక నన్ను ఎవరు లేపుతరు అన్నది. అని నవ్వబోతే దగ్గొచ్చింది. నీళ్ళు తాగిచ్చిన.

పెద్ద పనేం లేదురా అన్నది. పిల్ల పెండ్లి చూడాలె, అది చూడాలె అని ఏం లేదు. ఇంకొన్ని దినాలు ఆ గ్యాలరీల కూసోవాలని ఉన్నది, అంతే. పొద్దుగాల నల్లా కాడ ఆడోళ్ళు కొట్లాడుతరు సూడు, అది ఇనాలని ఉన్నది.

నేను తల ఊపిన. ఇంకో చీర తేకు అన్నది. మళ్ళ వస్తే పచ్చి పల్లికాయ తే. ఉడకబెట్టుకొని తిందం. ఒట్టు పెట్టు అన్నది. చెయ్యిల చెయ్యి ఏసిన. నేను దేనికీ కాదనలేదు ఇప్పటిదాక. దీనికీ అనలే.

2 మార్చి

బస్సు. నర్సింగ్ ఎక్కిచ్చుకుంట అన్నడు, తెల్లది మామా, ఈసారి తెల్లది, జల్ది. అట్లనే అన్న. అక్కకూ అట్లనే అన్న. ఇద్దరికీ అట్లనే అన్న.

5 మార్చి

పల్లి పీకిండ్రు. కాయ నిండుగున్నది.

7 మార్చి

నర్సింగ్ ఫోన్. అమ్మ కండ్లు తెరుస్తలేదు, బయలెల్లు మామా అన్నడు. ఎనక సారిక ఏడుపు ఇనపడ్డది. అక్క చెవి కాడ ఫోన్ పెట్టు అన్న. పెట్టిండు. అక్కా అన్న. గాలి పీల్చే సప్పుడు ఇనపడ్డది, నాదో అక్కదో.

అంజమ్మ పేటకు తనే పోయి తెల్ల చీర తెచ్చి సంచిల పెట్టింది. నీతోని కాదని నాకు ఎర్కే అన్నది. ఆమె తప్పేం లేదు. చీర లేకపోతే అక్కను నలుగుర్ల చిన్నచూపు చూస్తరు, పుట్టింటోళ్ళు లేనిదంటరు. తీస్కపోతే నేను పెట్టిన ఒట్టు పోతది. ఎటు జూసినా నేనే.

8 మార్చి, బస్సుల

చీర తీసి మా దండెం మీద ఏసి వచ్చిన. అంజమ్మ చూసే లోపల బస్సెక్కిన.

అక్కా, సంచిల పచ్చి పల్లికాయనే ఉన్నది. నేను వచ్చేదాక ఎవరు లేపినా లేవకు. ఉన్న అని ఒక్క మాట చాలు, ఎవరితోనన్నా రాయిపియ్యి. జల్ది.